'సా' ఎంత? మదీనా కొలపాత్ర చరిత్ర

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఆహారధాన్యాలకు సంబంధించిన విధులు అనేకం తూకంతో కాక కొలతతో నిర్ణయించబడ్డాయి. రంజాన్ ముగింపున చెల్లించే ఫిత్రా దానం, పంటపై విధించబడిన జకాత్, ఇహ్రామ్ స్థితిలో జరిగే కొన్ని లోపాలకు పరిహారం — వీటన్నిటికీ మూలం 'సా' అనే ఒక కొలపాత్ర. ఆ పాత్ర దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో మదీనా బజారులోనూ, ఇళ్ళలోనూ నిత్యం వాడుకలో ఉండేది. దాని పరిమాణమెంతో ఆనాడు అడిగి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. కానీ ఒక శతాబ్దం గడిచేసరికి అదే ప్రశ్న గొప్ప ఇమాములను ప్రయాణాలు చేయించింది. నేటికీ ఫిత్రా ఎంత ఇవ్వాలని అడిగితే ఒక చోట కిలోకు కొంచెం పైన, మరొక చోట మూడు కిలోలు అన్న జవాబు వస్తుంది. ఈ తేడా ఎక్కడ మొదలై ఎలా పెరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో నష్టపోయేదీ లాభపడేదీ చివరకు పేదవాని వాటాయే గనుక ఇది కేవలం పండితుల కాలక్షేపం కాదు.

దోసిలి నుంచి పాత్రకు

'సా'కు చిన్న భాగం 'ముద్'. నాలుగు ముద్‌లు ఒక 'సా'. మూడు 'సా'లు ఒక 'ఫరఖ్'. అరవై 'సా'లు ఒక 'వసఖ్', అంటే సుమారు ఒక ఒంటె మోసే బరువు. ఈ నిష్పత్తుల విషయంలో ధర్మశాస్త్రవేత్తల మధ్య విభేదం లేదు. విభేదమంతా మొదటి పాత్ర ఎంత పెద్దదన్న విషయంలోనే.

తెలుగు రైతుకు ఈ స్థితి బాగా అర్థమవుతుంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అని లెక్క అప్పజెప్పడం పాత తరంవారికి కష్టం కాదు. అయితే ఒక తాలూకా మానికెడు మరొక తాలూకాలో మానికెడు కాకపోవచ్చు. వరసలు స్థిరం, పాత్ర అస్థిరం. గింజలను గోపురంగా పోసి కొలిస్తే ఒక లెక్క, అంచుకు సమంగా చేయి రాసి కొలిస్తే మరొక లెక్క.

ముద్ అంటే మధ్యరకం మనిషి రెండు చేతులూ చాచి కలిపి నింపుకున్నంత అని నిఘంటుకారులు నిర్వచించారు. మన భాషలో చెప్పాలంటే దోసెడు. సుప్రసిద్ధ అరబీ నిఘంటువు 'అల్ ఖామూస్' కర్త ఫీరోజాబాదీ (మరణం హి.శ. 817, క్రీ.శ. 1415) ఈ మాటను తాను స్వయంగా పరీక్షించి చూశాననీ, సరిపోయిందనీ వ్రాశారు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక 'సా' నుంచి ఐదు ముద్‌ల వరకు నీటితో స్నానం చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం. మదీనా ముద్‌లోనూ 'సా'లోనూ శుభం కలగాలని ప్రవక్త (స) దుఆ చేసిన విషయం కూడా హదీసు గ్రంథాలలో ఉంది. కొలతకు మదీనావాసుల కొలత, తూకానికి మక్కావాసుల తూకం ప్రమాణమన్న భావం గల హదీసును అబూ దావూద్, నసాయీలు నమోదు చేశారు. మదీనా ఖర్జూర తోటల పట్టణం, మక్కా వెండి బంగారాలతో వ్యాపారం చేసే పట్టణం. ఒకచోట పాత్ర, మరొకచోట త్రాసు ప్రధానం కావడం సహజమే.

సిరియా గోధుమలు

ఫిత్రా విషయంలో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం మనిషికి ఒక 'సా' ఖర్జూరాలు లేదా ఒక 'సా' బార్లీ విధి. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనంలో ఎండుద్రాక్ష, ఎండిన జున్ను కూడా ఉన్నాయి. ఆనాటి మదీనాలో గోధుమ అరుదు, ఖరీదు.

హజ్రత్ ముఆవియా (రజి) తన పాలనాకాలంలో హిజాజ్‌కు వచ్చినప్పుడు మింబర్ పై నుంచి మాట్లాడుతూ, సిరియా గోధుమలు రెండు ముద్‌లు ఒక 'సా' ఖర్జూరాలకు సమానమని తన అభిప్రాయం తెలిపారు. ప్రజలు దానిని అనుసరించారు. హజ్రత్ అబూ సయీద్ (రజి) మాత్రం తాను ప్రవక్త (స) కాలంలో ఇచ్చినట్లే ఇస్తూ ఉంటానని స్పష్టం చేశారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఇక్కడ జరిగింది గమనించదగినది. పాత్ర మారలేదు. ఒక వస్తువు కొలతను మరొక వస్తువు కొలతలోకి విలువ ఆధారంగా మార్చడం జరిగింది. హనఫీ ఇమాములు గోధుమలో సగం 'సా' చాలునన్నారు. దీనికి వారు ముఆవియా (రజి) అభిప్రాయం ఒక్కటే కాక ఇతర ఉల్లేఖనాలను కూడా ఆధారం చేసుకున్నారు. ఇమామ్ మాలిక్, షాఫయీ, అహ్మద్ (రహ్మ)లు ఏ ధాన్యమైనా పూర్తి 'సా' ఇవ్వాలన్నారు. కాబట్టి నేడు వినిపించే అంకెలలో కొన్ని సగం 'సా'వి, కొన్ని పూర్తి 'సా'వి. వాటిని పోల్చేముందు ఈ సంగతి మరచిపోరాదు.

పాలకుల పాత్రలు

ఇస్లామీయ రాజ్యం విస్తరించిన కొద్దీ కొలపాత్రలు కూడా పెరిగాయి. ఇరాక్‌కు ఖఫీజ్, సిరియాకు ముదీ, ఈజిప్టుకు ఇర్దబ్. ముస్లిం గ్రంథంలోని ఒక హదీసు ఈ మూడింటినీ ఆయా దేశాల పేర్లతో ప్రస్తావిస్తుంది. 'కితాబుల్ అమ్వాల్' కర్త అబూ ఉబైద్ (మరణం హి.శ. 224, క్రీ.శ. 838) ఉల్లేఖనాలలో కనిపించే కొలపాత్రలను ఎనిమిదిగా లెక్కించి, ఒక్కొక్కదాని పరిమాణాన్ని చర్చించారు. వాటిలో ఒకదాని పేరు 'మఖ్తూమ్', అంటే ముద్ర వేయబడినది. పాత్రను ఎవరూ తగ్గించకుండా అధికారి ముద్ర వేయించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఈజిప్టులో ఉమయ్యద్, అబ్బాసీ అధికారుల పేర్లతో గాజు పాత్రలకు అంటించిన గాజు ముద్రలు నేటికీ ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. వాటిలో కొన్నిటి మీద ఆ పాత్రతో కొలవవలసిన సరుకు పేరు కూడా చెక్కబడి ఉంది. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క పాత్ర ఉండేదన్నమాట.

పాలకులు పాత్రలను పెంచిన సందర్భాలూ ఉన్నాయి. అబ్దుల్ మలిక్ పాలనలో మదీనా గవర్నరుగా ఉన్న హిషామ్ బిన్ ఇస్మాయీల్ పేరుతో ఒక పెద్ద ముద్ వాడుకలోకి వచ్చింది. ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ 'మువత్తా'లో పరిహారాలన్నిటికీ ప్రవక్త (స) ముద్‌నే ప్రమాణంగా చెప్పి, 'జిహార్' పరిహారానికి మాత్రం హిషామ్ ముద్‌ను పేర్కొన్నారు. అంటే హిజ్రీ రెండవ శతాబ్దంలో మదీనాలోనే రెండు ముద్‌లు పక్కపక్కన ఉన్నాయి. ఏది ఏదో అక్కడివారికి తెలుసు. బయటివారికి తెలియడం కష్టం.

ఇరాక్‌లో గవర్నర్ హజ్జాజ్ బిన్ యూసుఫ్ (మరణం హి.శ. 95, క్రీ.శ. 714) ప్రవేశపెట్టిన 'సా' ప్రసిద్ధమైంది. అది హజ్రత్ ఉమర్ (రజి) 'సా'కు అనుగుణంగా చేయబడిందని ఇరాక్ పండితుల నమ్మకం. దాని పరిమాణం 8 రతల్‌లు. కూఫాకు చెందిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీనినే స్వీకరించారు. హిజాజ్ పండితుల 'సా' మాత్రం 5 రతల్‌లు, మరొక మూడో వంతు. ఈ లెక్కన ఇరాక్ 'సా' హిజాజ్ 'సా'కు ఒకటిన్నర రెట్లు.

మదీనాలో అబూ యూసుఫ్

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ప్రధాన శిష్యుడు, అబ్బాసీ ఖిలాఫత్ ప్రధాన న్యాయమూర్తి ఖాజీ అబూ యూసుఫ్ (మరణం హి.శ. 182, క్రీ.శ. 798) హజ్ యాత్రకు వెళ్ళినప్పుడు మదీనాలో ఈ విషయం విచారించారు. బైహఖీ నమోదు చేసిన ఉల్లేఖనం ప్రకారం, తమ 'సా'యే ప్రవక్త (స) 'సా' అని మదీనావాసులు చెప్పగా ఆయన సాక్ష్యం అడిగారు. రేపు తెస్తామన్నారు వారు. మరునాటి ఉదయం ముహాజిర్లు, అన్సార్ల సంతతికి చెందిన సుమారు 50 మంది వృద్ధులు వచ్చారు. ప్రతి ఒక్కరూ తమ దుప్పటి కింద ఒక 'సా' పాత్ర పట్టుకొచ్చారు. ఇది ప్రవక్త (స) 'సా' అని మా తండ్రి, మా ఇంటివారు చెప్పారని ప్రతి ఒక్కరూ తెలిపారు. అబూ యూసుఫ్ ఆ పాత్రలన్నిటినీ పరిశీలించగా అవి ఒకదానికొకటి సమానంగా ఉన్నాయి. కొలిచి చూడగా ఐదు రతల్‌లు, మూడో వంతు, అందులోనూ కొద్దిపాటి తక్కువ తేలింది. ఈ ఆధారం బలమైనదని గుర్తించి 'సా' విషయంలో గురువుగారి అభిప్రాయాన్ని తాను వదిలిపెట్టినట్లు ఆయన స్వయంగా ప్రకటించారు. మరికొన్ని ఉల్లేఖనాలలో ఈ సంఘటన ఇమామ్ మాలిక్ (మరణం హి.శ. 179, క్రీ.శ. 795) సమక్షంలో జరిగినట్లు ఉంది.

ఈ ఉదంతంలో రెండు అంశాలున్నాయి. మొదటిది, సాక్ష్యం రూపం. ఇక్కడ ఉల్లేఖకుల పరంపర మాటను కాక పాత్రను మోసుకొచ్చింది. ఒక్క ఉల్లేఖకుడు పొరబడవచ్చు గాని, యాభై ఇళ్ళలో వేరువేరుగా భద్రపరచిన పాత్రలన్నీ ఒకే విధంగా పొరబడడం అరుదు. రెండవది, గురుభక్తి. హనఫీ ధర్మశాస్త్ర నిర్మాతలలో ఒకరైన పండితుడు, కొలిచి చూసిన తరువాత తన ఇమామ్ మాటను వదులుకోవడానికి సందేహించలేదు. ఇందువల్ల ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) గౌరవం తగ్గలేదు. హనఫీ గ్రంథాలే ఈ విషయాన్ని భద్రంగా అందించాయి.

కొందరు హనఫీ వ్యాఖ్యాతలు మరొక సమన్వయం సూచించారు. వారి ప్రకారం బాగ్దాద్ రతల్ 20 ఇస్తార్‌లు, మదీనా రతల్ 30 ఇస్తార్‌లు. 8 రతల్‌లను 20తో గుణించినా, 5 రతల్‌ల మూడో వంతును 30తో గుణించినా వచ్చేది 160 ఇస్తార్‌లే. కనుక పాత్ర ఒకటే, తూకపురాయి పేరు మాత్రమే మోసం చేసిందని వారి వాదం. లెక్క చక్కగా కుదిరింది. అయితే అబూ యూసుఫ్ స్వయంగా తన పాత అభిప్రాయాన్ని వదిలానని చెప్పిన మాటకు ఇది సమాధానం ఇవ్వదు. రెండు పాత్రలూ ఒకటే అయితే వదలవలసింది ఏమీ లేదు గదా!

కొలత తూకంగా మారడం

పాత్ర పోతుంది, సొట్ట పడుతుంది, పగులుతుంది. తూకపురాయి ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే పండితులు 'సా'ను తూకంలోకి మార్చడానికి పూనుకున్నారు. కానీ ఇక్కడ ఒక సహజమైన ఇబ్బంది ఉంది. ఒకే పాత్రలో పోసిన గోధుమ, బార్లీ కంటే బరువు. కొత్త ధాన్యం, పాత ధాన్యం కూడా ఒకే తూకం తూగవు. ఖర్జూరాల మధ్య ఖాళీ ఎక్కువ.

దీనికి ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (మరణం హి.శ. 241, క్రీ.శ. 855) ఎన్నుకున్న పద్ధతి ఆసక్తికరం. తాను అబున్నజ్ర్ వద్ద 'సా' తీసుకున్నట్లు, ఆయన ఇబ్నె అబీ జిఅబ్ వద్ద తీసుకున్నట్లు, అది ప్రవక్త (స) 'సా' అని ఆయన చెప్పినట్లు ఇమామ్ అహ్మద్ తెలిపారు. దానిని మసూరు గింజలతో నింపి తూచారు. గింజలు సర్దుకుని కూర్చుంటాయి, మధ్యలో సందు వదలవు గనుక కొలతకు అవే తగినవని కారణం కూడా చెప్పారు. ఐదు రతల్‌లు, మూడో వంతు వచ్చింది. తరువాతి కాలపు హనఫీలు కూడా ఇదే సూత్రం పాటించారు. 1040 దిర్హమ్‌ల పెసలు గాని మసూరు గాని పట్టే పాత్రే 'సా' అని 'దుర్రె ముఖ్తార్' కర్త హస్కఫీ (మరణం హి.శ. 1088, క్రీ.శ. 1677) నిర్వచించారు. అంటే వారి నిర్వచనంలో తూకం పాత్రను గుర్తించే సాధనమే. పాత్ర గుర్తింపబడిన తరువాత అందులో ఏ ధాన్యమైనా పోసి కొలవవచ్చు.

ఇమామ్ నవవీ (మరణం హి.శ. 676, క్రీ.శ. 1277) ఈ విషయంలో మరింత స్పష్టంగా ఉన్నారు. మూలం కొలతే, తూకం ఉజ్జాయింపు మాత్రమే అన్నది ఆయన నిర్ణయం. పైగా రతల్ సైతం స్థిరం కాదు. బాగ్దాద్ రతల్ 130 దిర్హమ్‌లని రాఫయీ అంటే, 128 దిర్హమ్‌లు, మరొక 7లో 4 వంతులని నవవీ సవరించారు. మొదటి లెక్కన 'సా' 693 దిర్హమ్‌లకు కొంచెం పైన, రెండవ లెక్కన 685 దిర్హమ్‌లకు కొంచెం పైన. ఊరు మారితే రతల్ ఇంకా మారేది. బజారు పర్యవేక్షకుల కోసం షైజరీ 12వ శతాబ్దంలో వ్రాసిన గ్రంథంలో దమస్కు రతల్ 600 దిర్హమ్‌లు, ఈజిప్టు రతల్ 144 దిర్హమ్‌లు. రతల్ అన్న ఒక్క మాట విని మోసపోవడం ఎంత సులభమో దీనిని బట్టి తెలుస్తుంది.

పశ్చిమాన మొరాకోలో వేరొక మార్గం అనుసరించారు. అక్కడి మాలికీలు పాత్రను పాత్రతోనే సరిచూసి, కొత్త ఇత్తడి ముద్ చేయించి, అది ఏ పాత్రతో సరిచూడబడిందో, ఆ పాత్ర మరి దేనితో సరిచూడబడిందో, చివరకు సహాబీ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ముద్ వరకు పరంపరను దాని మీదనే చెక్కించారు. 14వ శతాబ్దపు మరీనీ సుల్తాన్ అబుల్ హసన్ ఇటువంటి ముద్ చేయించారు. హదీసుకు ఉన్నట్లే పాత్రకు కూడా సనద్ ఉండాలన్న భావన ఇందులో కనిపిస్తుంది.

గురివింద గింజ లెక్క

భారత ఉపఖండంలో ఈ సమస్య మరొక రూపం ధరించింది. ఇక్కడ దిర్హమ్ లేదు. తులం, మాషా, రత్తీ ఉన్నాయి. 12 మాషాలు ఒక తులం, 8 రత్తీలు ఒక మాషా. రత్తీ అంటే గురివింద గింజ. గ్రంథాలలో దిర్హమ్ 70 బార్లీ గింజల బరువని ఉంది. కాబట్టి ఒక గురివింద గింజకు ఎన్ని బార్లీ గింజలు తూగుతాయన్న దాని మీద మొత్తం లెక్క ఆధారపడింది.

లక్నో ఫరంగీ మహల్ పండితుడు మౌలానా అబ్దుల్ హయ్ (మరణం హి.శ. 1304, క్రీ.శ. 1886) లెక్కలో నాలుగు బార్లీ గింజలకు ఒక రత్తీ. అప్పుడు దిర్హమ్ పదిహేడున్నర రత్తీలు, అంటే 2 మాషాల ఒకటిన్నర రత్తీ. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (1897–1976) తమ 'ఔజానె షరయ్యా' అనే పుస్తకంలో ఈ లెక్కను విమర్శించి, దిర్హమ్ 3 మాషాలకు పైన, 25 రత్తీలకు కొంచెం ఎక్కువ అని నిర్ణయించారు. చూడడానికి గింజల తగాదా. ఫలితం మాత్రం చిన్నది కాదు. మొదటి లెక్కన వెండి జకాత్ నిసాబ్ 36 తులాల 5 మాషాల 4 రత్తీలు, సుమారు 425 గ్రాములు. రెండవ లెక్కన యాభై రెండున్నర తులాలు, సుమారు 612 గ్రాములు.

ఫిత్రాకు వచ్చేసరికి సగం 'సా' గోధుమ 520 దిర్హమ్‌లు. మొదటి లెక్కన అది సుమారు 1 కిలో 106 గ్రాములు. రెండవ పద్ధతిలో మిస్ఖాల్ ఆధారంగా 135 తులాలు, అంటే 80 తులాల సేరుతో ఒక సేరు 11 ఛటాకులు, సుమారు 1 కిలో 575 గ్రాములు. జాగ్రత్త కోసం దీనిని పౌనేదో సేరు, అంటే 140 తులాలు చేశారు. అది 1 కిలో 633 గ్రాములు. 1956 చట్టం తరువాత దేశంలో మెట్రిక్ తూనికలు వచ్చి సేరు బదులు కిలో నిలిచింది. 'పౌనేదో' అన్న అదే మాట కిలోకు అన్వయిస్తే 1 కిలో 750 గ్రాములవుతుంది. ఇది సేరు లెక్కకంటే 117 గ్రాములు ఎక్కువ. హైదరాబాదులో రంజాన్ చివరి రోజుల్లో సవా కిలో అనీ, పౌనేదో కిలో అనీ రెండు మాటలూ వినిపించడానికి ఈ రెండు లెక్కలే మూలం.

అరబ్ దేశాలలోనూ ఏకాభిప్రాయం లేదు. షేఖ్ ఇబ్నె ఉసైమీన్ (మరణం 2001) ఒక 'సా' మంచి గోధుమను 2040 గ్రాములుగా నిర్ణయించారు. వహ్బా జుహైలీ (మరణం 2015) 2175 గ్రాములు, పరిమాణంలో 2.75 లీటర్లు అన్నారు. సౌదీ ఫత్వా స్థాయీ సంఘం దోసిలి కొలతను ఆధారం చేసుకుని సుమారు 3 కిలోలు అంటుంది. ఇవన్నీ పూర్తి 'సా' లెక్కలు. లక్నో లెక్కన పూర్తి 'సా' సుమారు 2211 గ్రాములు. ఇది జుహైలీ అంకెకు చాలా దగ్గర. కానీ రెండూ ఒకే పాత్ర అనుకోరాదు. ఒకటి 8 రతల్‌ల పాత్రను చిన్న దిర్హమ్‌తో తూచినది, మరొకటి 5 రతల్‌ల మూడో వంతు పాత్రను పెద్ద దిర్హమ్‌తో తూచినది.

జాగ్రత్త ఎటువైపు?

సందేహం వచ్చినప్పుడు పెద్ద అంకె తీసుకోవడమే జాగ్రత్త అన్న అభిప్రాయం సామాన్యంగా ఉంది. ఫిత్రా విషయంలో అది సరైనదే. పాత్ర పెద్దదైతే పేదవానికి గింజలు ఎక్కువ దక్కుతాయి. కానీ పంట జకాత్ విషయంలో ఇదే సూత్రం తలక్రిందులవుతుంది. ఐదు వసఖ్‌లు, అంటే 300 'సా'లు పండితేనే జకాత్ విధి అన్నది అబూ యూసుఫ్, ముహమ్మద్, తక్కిన ముగ్గురు ఇమాముల అభిప్రాయం. 'సా' 2040 గ్రాములైతే ఈ హద్దు 612 కిలోలు. 2175 అయితే సుమారు 653 కిలోలు. 270 తులాల 'సా' అయితే 25 మణుగుల పన్నెండున్నర సేర్లు, సుమారు 945 కిలోలు. పాత్ర పెద్దదైన కొద్దీ ఎక్కువమంది రైతులకు మినహాయింపు, పేదలకు తక్కువ రాబడి. 800 కిలోల ధాన్యం పండించిన రైతు ఒక లెక్కన జకాత్ చెల్లించవలసినవాడు, మరొక లెక్కన కాదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మాత్రం ఈ హద్దే లేదనీ, పంట కొద్దిదైనా అధికమైనా వాటా ఇవ్వాలనీ అన్నారు. ఆయన ఎన్నుకున్న పెద్ద 'సా' ఫిత్రాలో పేదవానికి మేలు చేస్తుంది. నిసాబ్ లేదన్న ఆయన మాట పంటలోనూ పేదవాని పక్షమే. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఆయన దృష్టి అర్థమవుతుంది.

కాబట్టి ఫిత్రాకు ఒక 'సా', జకాత్‌కు మరొక 'సా' అనుకూలంగా ఎన్నుకోవడం న్యాయం కాదు. ఎవరు ఏ లెక్కను నమ్మితే దానిని రెండు చోట్లా పాటించాలి. ఆపైన స్వచ్ఛందంగా ఎక్కువ ఇవ్వదలచినవారికి అడ్డు లేదు. కొలతల్లో తగ్గించేవారిని ఖుర్‌ఆన్ 'అల్ ముతఫ్ఫిఫీన్' అనే పేరుతో ఒక సూరాలో ఖండించింది. తనకు రావలసినప్పుడు నిండుగా కొలుచుకుని, ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించడమే ఆ సూరా ఎత్తిచూపిన దోషం. అంకెల భేదాలను అవకాశంగా వాడుకోవడం కూడా ఆ దోషానికి దూరమైనది కాదు.

చరిత్ర పరిశీలనలో తేలేదేమంటే, 'సా' పరిమాణంపై వచ్చిన విభేదాలలో ఎక్కువ భాగం పాత్ర గురించినవి కావు. అవి పాత్రను రతల్‌గా, రతల్‌ను దిర్హమ్‌గా, దిర్హమ్‌ను బార్లీ గింజగా, బార్లీని గురివిందగా, గురివిందను గ్రాముగా మార్చిన ప్రతి మెట్టులోనూ కొద్దికొద్దిగా చేరినవి. ఫిత్రా అంకె ప్రకటించే మస్జిద్ కమిటీలు ఆ అంకెతో పాటు అది సగం 'సా'నా, పూర్తి 'సా'నా, ఏ ధాన్యానిది, ఏ లెక్క ప్రకారం అన్నది ఒక్క వాక్యంలో చేర్చితే ప్రజల అయోమయం చాలావరకు తగ్గుతుంది. బియ్యం ఇవ్వదలచిన తెలుగు ముస్లిం గోధుమ అంకెను పట్టుకుని తడుముకోవలసిన పనీ ఉండదు. తాను నమ్మిన 'సా' ఎన్ని లీటర్లో తెలుసుకుని, అంత పట్టే గిన్నెతో బియ్యం కొలిచి ఇస్తే మూలవిధిని మూలరూపంలోనే నెరవేర్చినవాడవుతాడు.